పడమటి ఎండకు సంజాయిషీ

ఆఫీసు గదిలో గొడుగు కింద కూర్చుని టైపు కొట్టే మనిషిని బాలశౌరి అంతకుముందు ఎక్కడా చూడలేదు.

గొడుగు నల్లది, మగవాళ్ళది. కుర్చీ వీపుకు పురికొసతో రెండుచోట్ల బిగించి కట్టారు. దాని కింద ఒక అమ్మాయి తలెత్తకుండా టకటకా కొడుతోంది. అది డెబ్భై నాలుగో సంవత్సరం, మే నెల, బెజవాడ, సాయంత్రం నాలుగున్నర. వాన పడే సూచనలు ఏమీ లేవు.

"ఏవండీ, కంప్లయింట్ ఇచ్చింది మీరేనా?"

"ఈ ఆఫీసు నుంచి మూడు కంప్లయింట్లు వెళ్ళినయ్యి. మీరు దేనికొచ్చారు?"

"ఎండకండీ."

"మూడూ ఎండవే. కూర్చోండి. ఆ కుర్చీలో కాదు, కాలుద్ది."

ఏలూరు కాలవ పక్కన నూనె మిల్లుల సంఘం వారు కట్టుకున్న నాలుగంతస్తుల భవనం అది. ముందువైపు నూట నలభై నాలుగు సిమెంటు పలకలు నిలువుగా, ఒక్కొక్కటీ కాస్త పక్కకు తిరిగి నిలబడి ఉంటాయి. ఎండ బయటే పలకలకు తగిలి ఆగిపోవాలి, గాలి మాత్రం సందుల్లోంచి లోపలికి రావాలి, అదీ ఆలోచన. ఆ ఎలివేషన్, అంటే ముందువైపు డ్రాయింగు, గీసింది బాలశౌరే. మొదటి ఉద్యోగం, మొదటి డిజైను. పామర్రులో వాళ్ళమ్మ శౌరమ్మ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా, మావాడు సూర్యుణ్ణి ఆపే ఉద్యోగం చేస్తున్నాడని చెప్పుకుంటోంది.

సూర్యుడు ఆగలేదు. ఏప్రిల్ చివరి వారం నుంచి రోజూ నాలుగింటికి పలకల సందుల్లోంచి తిన్నగా వచ్చి, మూడో అంతస్తులో టైపిస్టు మీద కూర్చుంటున్నాడు.

బాలశౌరిని పంపేముందు అతని యజమాని, కన్సల్టింగ్ ఇంజనీరు బసవపున్నయ్యగారు, విషయం దాచకుండా చెప్పారు. "ఏవోయ్, తప్పు డ్రాయింగుదైతే సంఘం వాళ్ళు మన పరువు తీస్తారు. నీ సీటు నేను ఉంచలేను. మేస్త్రీ తప్పు చేసుంటాడు, వెళ్ళి చూసి రిపోర్టు రాయి."

కాబట్టి బాలశౌరి నమ్మకంగా అన్నాడు. "మేస్త్రీ పలకల్ని వంకరగా బిగించుంటాడండీ. వీళ్ళకి కోణాలంటే లెక్కుండదు."

టైపు మిషను ఆగింది.

"ఆ మేస్త్రీ పేరు మరియదాసు."

"మీకు తెలుసా?"

"మా నాన్న."

బాలశౌరి పోయి ఆ కాలే కుర్చీలోనే కూర్చున్నాడు. ఆమె లేవమనలేదు.

ఆ అమ్మాయి పేరు అమలమ్మ. మర్నాడు అతను వచ్చేసరికి ఒక కాగితం తీసి చేతికిచ్చింది. ఎండ ఏ రోజు ఎన్ని గంటలకు బల్ల అంచు తాకింది, ఎన్నింటికి మిషను దాకా వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఇరవై మూడు రోజుల పట్టిక. గీతలు కొట్టి, రెండు కార్బన్ కాపీలు కూడా తీసి పెట్టింది.

పట్టిక చూసి ప్రేమలో పడ్డవాళ్ళు లోకంలో ఎందరున్నారో తెలియదు గానీ, బాలశౌరి మాత్రం పడ్డాడు. ఒక కాపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసు ఫైలుకి రెండోది సరిపోతుందనుకున్నాడు.

తర్వాత నాలుగు రోజులూ కోణమానిని పట్టుకుని పలకలు కొలిచాడు. మూడో అంతస్తు మాత్రం రెండుసార్లు కొలిచాడు.

"ఎంత తేడా వచ్చిందండీ?" అంది అమలమ్మ.

"తేడా లేదండీ."

"ఏవిటీ? మిషను చప్పుడుకి వినపళ్ళా."

మిషను ఆగి అయిదు నిమిషాలైంది. బాలశౌరి గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. "నూట నలభై నాలుగులో ఒక్కటి కూడా అర డిగ్రీ తేడా లేదండీ. నేను గీస్తేనే అంత తిన్నగా రాదు."

ఆమె నవ్వలేదు. కానీ ఆ సాయంత్రం అతనికి కూడా కాఫీ తెప్పించింది.

అయిదో రోజు దిక్సూచి తెచ్చి గోడకు ఆనించి చూశాడు. చూసి, తట్టి, మళ్ళీ చూశాడు. దిక్సూచికి ఏ రోగమూ లేదు. భవనం ముఖం పడమరకు లేదు, వాయవ్యానికి ఉంది.

ఏడాదిన్నర కిందట డ్రాయింగు గీసేటప్పుడు తన ఆఫీసులో ఎవర్ని అడిగినా "కాలవకి ఎదురుగా, పడమటి ముఖం" అన్నారు. బెజవాడలో ఆ గట్టు మీద నిలబడి కాలవను చూసేవాడెవడైనా అదే అంటాడు. కానీ ఏలూరు కాలవ ఏటవాలుగా పోతుంది, దాని వెంబడే కట్టిన భవనమూ అలాగే తిరిగింది. ఆ సంగతి సైటుకు ఒక్కసారి వచ్చి చూస్తే తెలిసేది. బాలశౌరి రాలేదు. ఫ్యాను కింద కూర్చుని గీశాడు.

"తప్పు నాదండీ," అన్నాడు, దిక్సూచి ఆమె బల్ల మీద పెట్టి.

అమలమ్మ దిక్సూచినీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "రేపు నాన్నని రమ్మంటాను," అంది.

మరియదాసు మేస్త్రీకి యాభై ఎనిమిదేళ్ళుంటాయి. వస్తూనే పలకను అరచేత్తో తడిమాడు.

"బిగించేటప్పుడే అడిగా బాబూ, ఎండ ఇటునించి గదా వచ్చేది అని. డ్రాయింగు ప్రకారం చెయ్యమన్నారు. చేశా."

"అన్నీ పగలగొట్టాలంటారా?"

"అక్కర్లా. పలక కడ్డీ పైనా కిందా దిగిన గుంటల్లో సిమెంటు పొయ్యమని గీశారు మీరు. నేను సున్నం పోశా. పలకని కడ్డీ ఎట్టాగూ పట్టుకుంటది. సున్నం గీకి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. డ్రాయింగుకి విరుద్ధంగా నేను చేసింది ఆ ఒక్కటే."

బాలశౌరికి ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. సైటులో అలాంటివి బాగోవని ఊరుకున్నాడు.

"ఇంకో మాట బాబూ," అన్నాడు మేస్త్రీ. "రిపోర్టులో నా పేరు రాయండి. నన్ను నాలుగు రోజులు తిట్టుకుంటారు, అంతే. మీరు కుర్రోళ్ళు, మొదట్లోనే ఉద్యోగం పోతే మళ్ళీ దొరకటం కష్టం."

అమలమ్మ మిషన్లోకి తెల్లకాగితం ఎక్కించి, రోలరు అవసరానికి మించి గట్టిగా తిప్పింది.

బాలశౌరికి భయం వేసింది. ఉద్యోగం పోతుందని భయం, పామర్రులో అమ్మ తలెత్తుకోలేదని భయం. అబద్ధం కోసం వెతుక్కోనక్కర్లేదు, మేస్త్రీ తెచ్చి చేతిలో పెట్టాడు. అమలమ్మ కేసి చూస్తే ఆమె కాగితం కేసి చూస్తోంది.

"టైపు చేస్తారా అండీ?" అన్నాడు చివరికి. "పలకలు డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి. దిక్కు సరిచూసుకోకుండా డ్రాయింగు గీసింది నేను. మేస్త్రీ ముందుచూపు వల్ల పలకల్ని పగలగొట్టకుండానే తిప్పవచ్చు."

ఆమె వేళ్ళు ఎక్కడా ఆగలేదు. మేస్త్రీ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఇంకో పేరా ఉందండీ. అది టైపు చెయ్యక్కర్లేదు."

"చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టమండీ. ఈ కాగితం ఇచ్చాక ఉద్యోగం ఉంటదో లేదో తెలీదు. లేకపోయినా మీ నాన్నగారిని వచ్చి అడుగుదామనుకుంటున్నా."

"ముందు సంతకం పెట్టండి."

పెట్టాడు. ఆమె సిరా ఆరేదాకా ఊది, కాగితం మడిచి కవర్లో పెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. అప్పటికి ఎండ ఇంకా ఆమె దాకా రాలేదు.

"ఆదివారం గుణదల చర్చిలో రెండో పూజకి వెళతాం," అంది. "పదింటికల్లా నాన్న ఇంట్లో ఉంటారు."

కవరు ఆఫీసులో ఇచ్చేసరికి బసవపున్నయ్యగారు మద్రాసు వెళ్ళారు, మంగళవారం గాని రారు. ఆదివారం తల్లిని వెంటపెట్టుకు వస్తూ, ఉద్యోగం పోవచ్చని బాలశౌరి బస్సులోనే చెప్పేశాడు. శౌరమ్మ ఉయ్యూరు నుంచి కంకిపాడు దాకా జపమాల తిప్పింది.

"ఆ పిల్లకి ఉద్యోగం ఉంది గదా," అంది తర్వాత.

మరియదాసు ఇంట్లో ఆమె మజ్జిగ తాగి, గొంతు సవరించుకుంది. "అన్నయ్యగారూ, మావాడి ఉద్యోగం సంగతి మీ దగ్గర దాచేదేం లేదు. ఉండొచ్చు, పోవచ్చు."

"తెలుసమ్మా," అన్నాడు మేస్త్రీ. బాలశౌరి వైపు తిరిగాడు. "మొన్న నా పేరు రాయమన్నా గదా బాబూ. ఉత్తినే అన్లేదు. రాసుంటే రాయనిచ్చేవోణ్ణి. ఎవరడిగినా నేనే చేశానని చెప్పేవోణ్ణి."

"తెలుసండీ."

"పిల్లని మాత్రం ఇచ్చేవోణ్ణి కాదు."

లోపలి గదిలోంచి అమలమ్మ గొంతు వినిపించింది. "నాన్నా, ఉద్యోగం తేలేదాకా ఆగుదామనవా?"

"అది మంగళవారం తేలుద్ది. ఇది మొన్నే తేలింది. వచ్చి అత్తగారికి దండం పెట్టు."

మంగళవారం బసవపున్నయ్యగారు రిపోర్టు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, బాలశౌరిని చాలాసేపు నిలబెట్టి చీవాట్లు పెట్టారు. ఉద్యోగం మాత్రం తియ్యలేదు. నూట నలభై నాలుగు పలకలూ తిప్పేదాకా ఫ్యాను కిందకు రావద్దని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ నూనె మిల్లుల భవనం దగ్గరే పడి ఉండాలని శిక్ష వేశారు. బాలశౌరి తలవంచుకుని ఆ శిక్షను స్వీకరించాడు.