నర్సవ్వ చదివిన పువ్వు

మనోళ్లు బతకపోయిన ఖటోదరాల ఆ మగ్గాల షెడ్డు మీది గది అంటే పొద్దుగూకినంక ఎవ్వరూ ఆ మెట్ల దిక్కు సూడరు. రెండో కరోనాల ఆ గదిల పనిచేసే నర్సవ్వ పోయింది గదా... ఆ ఎనక కొన్నాళ్లసంది రాత్రిపూట ఆమె గొంతు ఇనబడుతదట. చెప్పినోళ్లు తాగినోళ్లు గూడ కాదు.

"రెండు కొట్టు... ఒకటి ఇడువు..."

ఎనకనే సుత్తె చప్పుడు. ఠక్.

చీర అంచుల పువ్వు లేవాలంటే బొక్కలు కొట్టిన అట్టలు కావాలె. బొక్క ఉన్నకాడ దారం లేస్తది, లేనికాడ పండుకుంటది. ఆ గదిల అట్టలు కొట్టేది వెంకటయ్య. పక్కన పీటేసుకొని పాత డిజైన్ పుస్తకం సూసి చదివేది ఆయన పెండ్లాం నర్సవ్వ. ఆ పుస్తకంల అక్షరమన్నదే లేదు, అన్ని చుక్కలు, కొంకులు, కోడిగీతలు. ఆ గుర్తులు నా తలకాయలకెల్లి పుట్టినయని వెంకటయ్య చాయ్ బండి కాడ మస్తు గొప్పలు చెప్పెటోడు. అందరు ఆయనను ఉస్తాద్ అనెటోళ్లు.

నర్సవ్వ పోంగనే ఉస్తాద్ చెయ్యి గుంజుతుందని మూలకు కూసున్నడు. అట్టలు లేక కింద షెడ్డుల నేసే లక్ష్మీరాజం మగ్గం సగం పువ్వు కాడ ఆగింది. దీవాళీకల్లా అంచు కాకుంటే మగ్గాన్ని తుక్కుకేస్తనన్నడు షెడ్డు నడిపే సేఠ్. మొదటి లాక్‌డౌన్ల ఊరికి పోదామని హైవే మీది కామ్‌రేజ్ దాక నడిచి, ఈ మగ్గం యాదికొచ్చి ఎనక్కి మళ్లిన మనిషి లక్ష్మీరాజం. ఇంకో పని ఆయనకు రాదు.

పాపం, ఫోన్‌తోనన్న చదివిద్దామని పుస్తకం పేజీ ఫోటో కొట్టి రాత చదివే యాప్‌ల ఏసిండు. ఫోన్ చానసేపు ఆలోచించి, ఇది డాక్టర్ చీటీ, మందుల దుకాణంల సూపియ్యండి అన్నది.

ఇగ ఓనాడు పొద్దున వచ్చేసరికి మగ్గం కాడ కొత్త అట్టలు. కుట్టి, వరుస పెట్టి ఉన్నయి... తెల్లారి ఇంకిన్ని. దెయ్యం కొట్టిన అట్టల కాడ మేం పని చెయ్యమని మిగిలినోళ్లు ఒక్కొక్కరే జారుకున్నరు. దెయ్యం సంగతి తేలకుంటే షెడ్డుకు తాళమే అన్నడు సేఠ్.

ఆ రాత్రి లక్ష్మీరాజం మెట్లెక్కిండు. దెయ్యానికి కరోనా ఉంటదో ఉండదో గని, మాస్క్ మాత్రం ముక్కు మీదికి గుంజుకున్నడు.

తలుపు సందులకెల్లి నీలం వెలుగు...

"రెండు కొట్టు... ఒకటి ఇడువు..."

నర్సవ్వే. ఠక్. ఠక్.

"తప్పు కొట్టినవ్. సోయి ఏడ పెట్టినవ్?"

లక్ష్మీరాజం సందులకెల్లి సూద్దామని వంగి తలుపు మీద పడ్డడు. తలుపు తెరుసుకున్నది. లోపల వెంకటయ్య, చేతిల సుత్తె, పుస్తకానికి ఆనిచ్చి ఫోన్. ఆయన చప్పున ఫోన్ బంద్ చేసి కండ్లు తుడుసుకున్నడు.

"ఏంది ఉస్తాద్ గిది?"

"మెల్లగ మాట్లాడు రాజం." ఆయన సుత్తె కింద పెట్టిండు. "ఆ గుర్తులు నాయి కావు. ఒక్కటి గూడ నాకు సమజ్ కాదు. నర్సవ్వ జరమొచ్చి వేరే అర్రల పండుకున్ననాడు పుస్తకమంత చదివి, రికార్డు చేసి నా ఫోన్‌కు పంపింది. నేను లేకుంటే నీ ఇజ్జత్ పోతదన్నది."

"మరి తప్పు కొట్టినవని ఆమెకు ఎట్ల ఎరుక?"

ఏడుపులనే నవ్వొచ్చింది వెంకటయ్యకు. "ఆ పువ్వు రేకు మలుపు కాడ నేను ఎప్పుడైనా తప్పుత. దానికెరుకే గదా. తిట్టు ముందుగాలనే పంపింది."

లక్ష్మీరాజానికి పాణం నిమ్మలమైంది. ఉస్తాద్‌ను సూస్తే జాలి గూడ అయింది.

"పెండ్లాం యాదికొచ్చి ఆమె గొంతు ఇంటుండని సేఠ్‌కు చెప్త. గుర్తులు ఎవరియని మనల ఎవరడుగుతరు? నీయేనని ఉండనీ."

"గట్లనే చెప్పు బిడ్డా..."

"అబద్ధమెందుకు? నాయేనని చెప్పు."

నర్సవ్వ గొంతే. ఇద్దరు ఫోన్ దిక్కు సూసిండ్రు. అది బంద్ అయ్యే ఉన్నది.

తెల్లారి చాయ్ బండి కాడ, ఎవ్వరు అడగకముందే, ఆ గుర్తులు నర్సవ్వయని వెంకటయ్య గట్టిగ చెప్పిండు. మగ్గం మల్ల నడిసింది. ఆ ఆఖరి మాట మాత్రం ఇద్దరు ఇయ్యాల్టిదాక సేఠ్‌కు చెప్పలె.