ఆయన ఊళ్ళో లేరండీ

వరి నారు ఎలా ఊడ్చాలో పరదేశం వాళ్లకి నేర్పడం నా పని. రాజమండ్రిలో చాలా ఏళ్లు వ్యవసాయం పాఠాలు చెప్పి, కాస్త ముందుగానే రిటైరయ్యాను. ఆ తర్వాత ఒక సంస్థ వాళ్లు నన్ను మూడు వారాలకీ నెలకీ అని బయటి దేశాలకి పంపడం మొదలుపెట్టారు. ఒకసారి లావోస్, ఒకసారి ఇథియోపియా, ఎక్కువగా టాంజానియా.

అక్కడి రోజులన్నీ ఒకేలా ఉండేవి. పొద్దున్నే గెస్ట్‌హౌస్‌లో పాలు లేని టీ. ఎర్రమట్టి రోడ్డు మీద జీపు. ఆ తర్వాత మోకాలి లోతు బురదలో నిలబడి పాఠం. నేను ఇంగ్లీషులో ఒక ముక్క చెబితే, పక్కనున్నాయన వాళ్ల భాషలో నాలుగు ముక్కలు చెప్పేవాడు. అందరూ పకపకా నవ్వేవారు. నేను చెప్పిందానికి ఆయనేం కలిపేవాడో నాకెప్పుడూ తెలియలేదు.

సాయంత్రం గదికొచ్చి, కరెంటు పొయ్యి మీద ఏదో ఒకటి ఉడకేసుకుంటూ సీతకి వీడియో కాల్ చేసేవాణ్ణి. ఫోను గోడకి ఆనించి పెట్టేవాణ్ణి. ఆవిడ ధవళేశ్వరంలో మేం అద్దెకుండే మేడ మీద కూర్చుని నా వంట చూసేది.

“పోపు మాడుతోందండీ. దించండి ముందు.”

“వాసన అక్కడిదాకా వచ్చిందా ఏంటి?”

“చప్పుడు మారింది కదండీ.”

మాకు పిల్లల్లేరు. ఆ కబుర్లే మా సంసారం.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, “తల నొప్పిగా ఉందండీ, రేపు మాట్లాడతాను” అని ఫోను పెట్టేసింది. తెల్లారేసరికి సీత లేదు. మెదడులో నరం చిట్లిందట.

నేనప్పుడు టాంజానియాలో ఉన్నాను, అక్కడ వానలు. మా గెస్ట్‌హౌస్ నుంచి పట్నం వెళ్లే రోడ్డు తెగిపోయింది. తమ్ముడు గణేష్‌బాబు తలకొరివి పెట్టాడు. ఎవరి చేతికో ఫోనిచ్చి నాకు చూపించమన్నాడు. సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ మధ్యలో ఆగిపోయింది. కదలని మంట, కదలని పొగ. దానికేసే చూస్తూ కూర్చున్నాను. నేను ఇల్లు చేరేసరికి అస్థికలు కూడా గోదాట్లో కలిపేశారు.

పెద్దకర్మ అయ్యింది. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. గణేష్‌బాబు మాత్రం గుమ్మంలో నిలబడి, “కాకినాడ వచ్చెయ్యన్నయ్యా. ఒక్కడివే ఏం ఉంటావు?” అన్నాడు. తర్వాత వస్తానన్నాను. సీతని నేను కడసారి కూడా చూడలేదు. ఆవిడ తిరిగిన ఇంట్లో కొన్నాళ్లుండాలనిపించింది.

ఆ సాయంత్రమే మొదటిసారి జరిగింది.

ఎండాకాలపు గాలివాన లేచింది. కొబ్బరిచెట్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. కరెంటు పోయింది. కొవ్వొత్తులు తెచ్చుకుందామని తలుపు దగ్గరగా వేసి వీధి చివరి కొట్టుకి వెళ్లాను. తిరిగొచ్చి మేడ మెట్లు ఎక్కుతుంటే ఇంగువ వాసన వచ్చింది. తడిసిన మట్టి వాసన మధ్యలో కమ్మటి పోపు వాసన.

తలుపు తోశాను. లోపల గడియ వేసి ఉంది.

గాజుల చప్పుడు వినిపించింది. నడుస్తూ నడుస్తూ వచ్చి తలుపవతల ఆగింది.

“ఎవరండీ?”

తలుపుకి ఇంకా దగ్గరగా జరిగాను.

“సీతా... నేనే.”

 

“ఆయన ఊళ్ళో లేరండీ. రేపొస్తారు. రేపు రండి.”

సీత గొంతే. కానీ అంత మర్యాదగా, లోపల భయం దాచుకుంటూ మాట్లాడే గొంతు నేనెన్నడూ వినలేదు. నేను లేనప్పుడు తలుపు తట్టిన పరాయివాళ్లందరితో అలా మాట్లాడి ఉంటుంది. ఆవిడ ఒంటరిగా బతికిన రోజులన్నీ ఆ ఒక్క గొంతులో వినిపించాయి.

“సీతా, నేను వచ్చేశానే... తలుపు తియ్యి.”

“రేపు రండి,” అంది వణుకుతూ. గాజుల చప్పుడు గబగబా లోపలికి వెళ్లిపోయింది.

కరెంటు వచ్చింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది.

నాకు భయం వెయ్యలేదు. నిజం చెబుతున్నాను, ఆ రాత్రి నాకు కలిగింది ఆశ. సీత ఇక్కడే ఉంది. నేనింకా రాలేదనుకుంటోంది. వచ్చినట్టు తెలియాలి, అంతే కదా!

మర్నాడు పొద్దున్నే కింది వాటాలో కొత్తవాళ్లు దిగారు. పావని అని చిన్నవయసు ఇల్లాలు, చంకలో చంటిపిల్ల. “పైన మీరుంటారాండీ?” అని పలకరించింది. సీత సంగతి ఆ అమ్మాయికి నేనేమీ చెప్పలేదు.

మధ్యాహ్నం గడ్డం గీసుకున్నాను. ప్రయాణాలకి వేసుకునే నీలం చొక్కా వేసుకున్నాను. చక్రాల పెట్టెలో బట్టలు సర్దుకున్నాను. పొద్దువాలే వేళకి పెట్టె పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి, ఊరి నుంచి వచ్చినవాడిలా వెనక్కి తిరిగాను. గాలి మళ్లీ లేచింది. వీధి దీపాలు ఆరిపోయాయి.

పెట్టె ఒక్కొక్క మెట్టు మీదా చప్పుడు చేస్తూ పైకి లాగాను. ఆ చప్పుడు వింటే సీత ఎప్పుడూ నేను పైకి చేరేలోగానే తలుపు తీసేది.

తలుపు ముందు నిలబడ్డాను. లోపల మాటలు...

“వచ్చేశారా! అయ్యో, ఎంత చిక్కిపోయారండీ!”

సీత నవ్వుతోంది. నా కోసమే దాచుకునే నవ్వు. లోపల నేల మీద చక్రాల పెట్టె దొర్లుతున్న చప్పుడు.

నా పెట్టె నా చేతిలోనే ఉంది.

“కాళ్లు కడుక్కోండి. అన్నం పెట్టేస్తాను.”

ఎవరో దగ్గారు. మగ దగ్గు.

 తలుపు మీద కొట్టాను. రెండు చేతులతో కొట్టాను.

“సీతా! వాడు నేను కాదు! సీతా...”

లోపల అన్నీ ఆగిపోయాయి. తర్వాత సీత, తలుపుకి ఆనుకుని, గుసగుసగా...

“ఏమండీ... నిన్న వచ్చినవాడేనండీ. అచ్చం మీ గొంతే. నాకు భయమేస్తోంది... తలుపు తియ్యకండి.”

“సీతా, నా మాట విను...”

“మీరు నా పక్కనే ఉండండి,” అంటోంది. నాతో కాదు.

ఇంకో గడియ కూడా పడింది. భుజంతో గుద్దాను. కదల్లేదు. పెట్టె అక్కడే పడేసి మెట్లు దిగి, పక్క వీధిలో ఉన్న మా ఇంటి ఓనరు సూర్యనారాయణమూర్తి గారింటికి పరుగెత్తాను. గునపం కావాలన్నాను. ఆయన నా ముఖం చూసి, టార్చిలైటు తీసుకుని గునపంతో సహా నా వెంట వచ్చారు.

మేం మేడ ఎక్కేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. నా పెట్టె పడేసిన చోటే పడి ఉంది. టార్చి వెలుగులో గదులన్నీ చూశాం. మంచం కింద కూడా చూశాం. ఎవరూ లేరు. నిన్నటిలా వాసన కూడా లేదు. ఇల్లు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ నాకు కొత్త. సీత పోయిన తర్వాత కూడా ఇల్లు అంత ఖాళీగా లేదు.

“మాస్టారూ, రండి. ఈ పూట మా ఇంట్లో పడుకుందురు గానీ,” అని సూర్యనారాయణమూర్తి గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

కిందికి దిగాం. వసారాలో కొవ్వొత్తి పెట్టుకుని పావని పిల్లని ఊపుతోంది. నన్ను చూసి తెల్లబోయింది.

“అదేంటండీ, అప్పుడే వచ్చేశారు? ఇందాకే కదా ఇద్దరూ వెళ్లారు?”

“ఎవరు?” అన్నారు సూర్యనారాయణమూర్తి గారు.

“ఈయనా, ఆవిడానండీ. మెట్ల మీద పెట్టె చప్పుడైతే బయటికొచ్చాను. ఎక్కడికండీ ఈ గాలిలో అని అడిగితే, ఈసారి నన్నూ తీసుకెళ్తున్నారమ్మా అన్నారావిడ. ఎంత సంతోషమో ఆ ముఖంలో! మీరు మాత్రం తలెత్తలేదండీ. ఆవిడ చెయ్యి పట్టుకుని నడుస్తూనే ఉన్నారు.”

 

పావని పిల్లని భుజం మార్చుకుంది. ఏదో తప్పు అడుగుతున్నానేమో అన్నట్టు నెమ్మదిగా అంది.

“ఒక్కటే అర్థం కాలేదండీ నాకు. గేటు దగ్గర ఆవిడ ఆగిపోయారు. మీ ముఖంలోకి వంగి చూశారు. చెయ్యి విడిపించుకోబోయారు... మీరు వదల్లేదు. అప్పుడు వెనక్కి తిరిగి, మేడకేసి చూస్తూ, ఏమండీ, ఏమండీ అని ఒకటే కేకలండీ. మీరు పక్కనే ఉంటే... పైన ఎవర్ని పిలిచారండీ ఆవిడ?”