తొమ్మిదింటికి ఇటు తిరిగే రాయి

"మీ రాయికి దెయ్యం పట్టినట్టుందండీ!"

"రాయికి కాదు మేడం, మీ సాఫ్ట్‌వేర్‌కి. ముందు భూతవైద్యుణ్ణి పిలిపించుకోండి."

ఫోన్‌లో ఇలా సరదాగా మొదలైన మాట చిలికి చిలికి గాలివాన అయింది. "మీరు పంపే డేటా చెత్త" అని ఆమె, "మీరు రాసిన ప్రోగ్రాం చెత్త" అని అతను. ఎవరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి ఆమె నోరు జారింది.

"రేపటినుంచి నా ఫోన్ కోసం ఎదురుచూడకండి."

ఠక్కున పెట్టేసింది. పెట్టేశాక అరగంట సేపు ఆ ఫోన్‌నే చూస్తూ కూర్చుంది, అది వేరే సంగతి.

ఆమె ఊళ్ళో ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఆకాశంలో తిరిగే చిన్న రాయి ఎంత పెద్ద టెలిస్కోప్‌కైనా ఒక వెలుగు చుక్కే. తిరిగేకొద్దీ ఆ వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల గీత చూసి రాయి ఎంత వేగంగా తిరుగుతోందో, దాని ధ్రువం ఎటు వాలి ఉందో, ఆకారం ఏమిటో ఈమె సాఫ్ట్‌వేర్ చెబుతుంది. అతను ఊరి బయట కొండమీద టెలిస్కోప్ దగ్గరుండి ఆ వెలుగు పట్టి పంపుతాడు. రాత్రంతా మేలుకుంటాడు కాబట్టి ఆఫీసంతా అతన్ని గుడ్లగూబ అంటారు.

రోజూ రాత్రి తొమ్మిదింటికి "మబ్బులున్నాయా?" అని ఆమె ఫోన్ చేసేది. మబ్బుల నుంచి మొదలై ఆ మాటలు ఎక్కడెక్కడికో పోయేవి. అసలు మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు.

అదిగో, అలాంటి రోజుల్లో ఈ రాయి తగులుకుంది.

మన రోజు ఎంతో దాని రోజూ అంతేనంది సాఫ్ట్‌వేర్. అంతేకాదు, ఒక పక్కన పెద్ద గొయ్యి ఉందట. రోజూ సరిగ్గా తొమ్మిదింటికి ఆ గొయ్యి మనవైపు తిరుగుతుందట.

ఫోన్‌లో గొడవైన వారానికి, ఆదివారం మధ్యాహ్నం వాన పడుతుంటే, ఆమె ఇంట్లో లాప్‌టాప్ తెరిచి సాఫ్ట్‌వేర్ గీసిన ఆ రాయి బొమ్మనే చూస్తోంది. అమ్మమ్మ వెనకనుంచి తొంగి చూసింది.

"ఏమిటే అది, కుళ్ళిన బంగాళాదుంపా?"

"ఆకాశంలో రాయి అమ్మమ్మా."

"రాయికి కన్నెందుకే?"

"కన్ను కాదు, గొయ్యి."

"గొయ్యయితే నన్నెందుకు చూస్తోంది? మూసెయ్ తల్లీ, నాకు భయమేస్తోంది."

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. నిజం చెప్పొద్దూ, తనకీ అలాగే ఉంది.

అప్పుడే ఆఫీసు పెద్దసారు ఫోన్ చేశారు. "రేపు పొద్దున్నకల్లా తప్పు సాఫ్ట్‌వేర్‌దో డేటాదో తేల్చి చెప్పమ్మా. డేటాదే అయితే ఆ అబ్బాయిని కొండ దింపేసి వేరే ఊరు పంపిస్తాను."

ఆమె లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. వారంగా మాట్లాడని మనిషి వెళ్ళిపోతాడంటే ఇంత బాధేమిటి? ఇక దాచుకోవడమెందుకు, అతనంటే ఇష్టం. చచ్చేంత ఇష్టం.

గీతలన్నీ మళ్ళీ ముందేసుకుంది. ప్రతి రాత్రీ తొమ్మిది కాగానే వెలుగు కాస్త పడిపోతోంది, వెంటనే లేస్తోంది. తొమ్మిది. తను ఫోన్ చేసే వేళ.

'మేం మాట్లాడుకునేప్పుడే అది ఇటు తిరుగుతోందా?'

ఛ, పిచ్చి ఆలోచన. ఫోన్‌కీ రాయికీ ఏం సంబంధం? ఉంటే ఈ వారం ఆ గొయ్యి కనబడకూడదుగా. తను ఫోనే చెయ్యలేదు.

ఈ వారం గీతలు తెరిచింది.

వెలుగు తొమ్మిదింటికే పడిపోయింది. కానీ ఈసారి వెంటనే లేవలేదు. ప్రతి రాత్రీ చాలాసేపు అలాగే ఉంది. ఆ కన్ను ఇప్పుడు రెప్ప కూడా వెయ్యడం లేదు.

వానలోనే కొండకి బయల్దేరింది. బస్సు దిగి పైకి చేరేసరికి బాగా చీకటి పడింది. బయట ఎవరూ లేరు. టెలిస్కోప్ గది పైకప్పు గాలికి మూలుగుతోంది. మెట్లమీద ఒక్క బల్బు వెలుగుతోంది.

పైమెట్టు ఎక్కి తలుపు మీద చెయ్యి వెయ్యబోయింది.

తలుపు దానంతటదే కదిలింది.

కిర్రుమంటూ జానెడు తెరుచుకుని ఆగిపోయింది. లోపలంతా కటిక చీకటి. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. ఆ సందులోంచి ఒక కన్ను ఆమెనే చూస్తోంది.

ఆమె కెవ్వుమంది. లోపలినుంచి అంతకంటే పెద్ద కేక వినబడింది. ఏదో దడేలున కింద పడింది.

"మేడం! మీరా! దెయ్యమనుకుని చచ్చాను!"

"నేనా దెయ్యాన్ని? చీకట్లో తలుపు సందులోంచి చూసేది మీరు!"

గుడ్లగూబ కిందపడ్డ ఫోన్ తీసుకుని తుడుచుకుంటున్నాడు. అప్పుడు చూసిందామె. మెట్లమీది బల్బు వెలుగు ఆ సందులోంచి నేరుగా వెళ్ళి టెలిస్కోప్ మీద పడుతోంది.

"తలుపెందుకు తీశారు?"

"లోపల సిగ్నల్ రాదు. గుమ్మం దగ్గరైతే ఒక్క గీత వస్తుందని తొమ్మిదింటికి తలుపు కాస్త తీసి నిలబడతాను. మీ ఫోన్ మోగగానే బయటికొచ్చి తలుపేసి మాట్లాడేవాణ్ణి."

"మరి ఈ వారం నేను చెయ్యలేదుగా?"

అతను తల దించుకున్నాడు. "చేస్తారేమోనని."

"ఎంతసేపు నిలబడేవారు?"

"మీ గీతల్లో ఉండే ఉంటుంది."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌దేముంది, ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం! ఇతని ఎదురుచూపుని డేటాగా ఇస్తే, అది రాయికి కన్ను పెట్టింది.

"తప్పు నాదే. రేపే కొండ దిగిపోతాను" అన్నాడతను.

"నోర్ముయ్" అంది ఆమె. గుమ్మంలోనే నిలబడి పెద్దసారుకి ఫోన్ కలిపింది. "తప్పు డేటాదే సార్. తలుపు సందులోంచి బల్బు వెలుగు పడి ఫొటోల్లో ఆకాశం తెల్లబడింది. పెద్ద నక్షత్రాలకి ఏం కాలేదు కానీ మసక రాయి ఇంకా మసకైంది."

"అసలు తలుపెందుకు తీశాడమ్మా?"

"నేను ఫోన్ చేస్తానని సార్."

"రోజూనా?"

"చెయ్యని రోజు కూడా."

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "తలుపుకి నల్లటి తెర కట్టించండి. ఆ టైం డేటా తీసేసి మళ్ళీ లెక్క వెయ్యి. మిగతాది మీ ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడుకోండి."

గుమ్మంలోనే కూర్చుని టీ తాగుతూ లెక్క మళ్ళీ వేశారు. గొయ్యి మాయమైంది. మామూలు రాయి, రోజుకి నాలుగైదుసార్లు గిర్రున తిరుగుతోంది. ధ్రువం ఎటు వాలిందన్న దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్ రెండు సమాధానాలిచ్చింది.

"రెండిట్లో ఏది నిజం?" అన్నాడతను.

"ఒక్క వైపునుంచే చూస్తే రెండూ నిజంలాగే ఉంటాయి. రెండేళ్ళకి మళ్ళీ దగ్గరికొస్తుంది. అప్పుడు ఇంకో వైపునుంచి చూడాలి."

"అయితే రెండేళ్ళూ రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేస్తావా?"

"చెయ్యను."

అతని మొహం పాలిపోయింది.

"నేనే ఇక్కడికి వస్తాను. నువ్వంటే నాకు ఇష్టం. నీకు ఎలాగూ చెప్పడం రాదు."

"చెప్దామనే రోజూ తలుపు తీశాను" అన్నాడతను, చెవులదాకా ఎర్రబడి.

అంతలో అమ్మమ్మ ఫోన్. "ఎక్కడున్నావే? ఆ రాయి ఇంకా చూస్తూనే ఉందా?"

"అది రాయి కాదు అమ్మమ్మా. ఒక అబ్బాయి."

"ఓసి నీ! అబ్బాయయితే చూడనీ. మంచివాడైతే ఇంటికి తీసుకురా, నేనూ చూస్తాను."

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. టెలిస్కోప్ రాయివైపు తిరిగింది. తొమ్మిదయింది, గీత పడిపోలేదు. ఆ రాత్రి తలుపు ఎవరూ తియ్యలేదు. ఫోన్ చేసే మనిషి లోపలే, అతని పక్కనే కూర్చుని ఉంది.