భీమక్క కుడితి బక్కెట్టు

ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ వీరభద్ర సెల్లు తెరిచాడు. అపార్ట్‌మెంటు గ్రూపులో సెక్రటరీ ప్రసన్నకుమారి ఒక ఫోటో పెట్టింది. అందులో బక్కెట్టు పట్టుకుని ఎవరి గుమ్మం ముందో నిలబడి ఉంది అతని తల్లి భీమక్క. కింద, "బిచ్చగాళ్లను రానివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పాం. ఇక్కడుండేవాళ్లే అడుక్కుంటే ఏం చేయాలి?" అని రాసి ఉంది. దానికి నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లంతా పెద్ద చదువులు చదివినవాళ్లే.

ఆదోని దగ్గరి పల్లె నుంచి వచ్చి కర్నూలులో ఫ్లాటు కొనుక్కున్న వీరభద్రకు పరువంటే ప్రాణం. ఒళ్లు మండిపోయింది.

"అమ్మా! ఇంటింటికీ పోయి ఏమడుగుతాండావు?"

"కుడితి అడుగుతాండా, అయ్యన్న బర్రెలకు," అంది భీమక్క, బియ్యం కడిగిన నీళ్లు బక్కెట్లో పోస్తూ. అయ్యన్న వెనక సందులో బర్రెలు పెట్టుకుని వీళ్లకు పాలు పోసే మనిషి. "మనూర్లో అడగరా? బర్రె ఉండేటోళ్లు వస్తే గంజి, తొక్కలు పోయమా?"

"ఇది మనూరు కాదు! నా తల కొట్టేసినట్టు చేసినావు. సాయంత్రం బస్సుకు మైదుకూరు పో, అక్క దగ్గర ఉండు. నీతో నాకు కాదు!"

భీమక్క గదిలోకి వెళ్లి చీరలు సంచిలో కుక్కసాగింది. భర్త పోయాక ఇక కొడుకు దగ్గరే అనుకున్న మనిషి ఆమె. పొమ్మనడానికి వాడికి నోరెలా వచ్చిందో!

అరుపులు విని కోడలు శివలీల పరుగున వచ్చింది. అత్తగారి వేలికి చుట్టిన గుడ్డపీలిక ఆమె కంటపడింది.

"అత్తా, ఆ వేలేంది అట్ల వాచింది?"

"ఏం లేదులే."

"ఏం లేకుండానే వాస్తుందా? చెప్పు!"

అంతసేపు దిగమింగుకున్న కోపం భీమక్కకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"చెప్పమంటావా? మీరు అన్నీ ఒకే కవర్లో కట్టి పారేస్తారు. మొన్న దాంట్లోనే తొక్కలు ఏరుతాంటి. సూది గుచ్చుకునింది. నీ మొగుడు పొద్దున్నే పొడుచుకునే షుగరు సూది! నేను చూడకుంటే బర్రె నోట్లోకి పోయేది. అందుకే, చెత్తలో కలపకముందే ఇయ్యండమ్మా అని ఇండ్లకు పోయి అడిగినా. కూట్లో సూదులు కలిపేది మీరు, సిగ్గుపడేది నేనా?"

శివలీల భర్త మీదికి తిరిగింది. "ఆ సూదులు డబ్బాలో వెయ్యప్పా అని ఎన్నిసార్లు మొత్తుకున్నా? ఒక్కనాడన్నా విన్నావా? అత్తను పంపిస్తే నేనూ పోతా! ముందు ఆమెను ఆస్పత్రికి తీసుకపోదాం పా!"

వీరభద్ర వాచిన ఆ వేలినే చూశాడు. ఆ చేత్తో ఆమె నిన్న కూడా తనకు జొన్నరొట్టె తట్టి పెట్టింది, ఒక్క మాట అనకుండా. సెల్లు తీసి గ్రూపులో రాశాడు: "ఆమె మా అమ్మ. పశువుల కోసం అడిగింది. నవ్వినవాళ్లు మీ చెత్త కవర్లు ఒకసారి విప్పి చూసుకోండి. నేనూ ఇప్పుడే చూసుకుంటున్నా."

తల్లి ముందు కూర్చుని చెయ్యి పట్టుకునేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పోవద్దమ్మా. తప్పు నాదే."

భీమక్క చెయ్యి లాగేసుకుంది. "ఏడ్చేదీ ఆస్పత్రికి పోయేదీ తర్వాత. ముందు ఆ బుట్టలో నీ సూదులు ఏరు."

అతను పేపరు పరిచి చెత్తబుట్ట బోర్లించాడు. భీమక్క కోపంగా గోడవైపు తిరిగి కూర్చుంది. కానీ వాడి వేళ్లు అన్నం ముద్దల్లోకి పోతుంటే ఉండబట్టలేకపోయింది.

"మెల్లిగా నాయనా," అంది. "గుచ్చుకుంటాయి."