అన్నమ్మ పక్కన జాగా

"మీకూ ప్రశాంత్ గారికీ మధ్య ఏమైనా ఉందా అండీ?"

రంగు డబ్బాల మూతలు తీస్తున్న భాగ్య చేయి ఆగిపోయింది. అడిగింది మంజుల. నెల రోజులుగా ఆదివారం ఆదివారం కోదాడ నుంచి బస్సెక్కి సూర్యాపేట వస్తున్న డ్రాయింగ్ టీచర్.

"గాయనకూ నాకా? ఏం లేదు" అంది భాగ్య.

"అయితే మా ఇంట్లో చెప్పి సంబంధం అడిగిస్తాను. ముందు మీతో ఒక మాట అనాలనిపించింది."

అంత మర్యాదగా చెప్పిన మనిషిని తిట్టనూ లేక భాగ్యకు ఒళ్లు మండిపోయింది.

పార్కులో ఈ బొమ్మల ఆదివారాలు మొదలుపెట్టింది ప్రశాంత్. పైసా తీసుకోడు. పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని రంగులు వేయాలి, అంతే. అతను పనిచేసే బడిలోనే లెక్కలు చెప్పే భాగ్య మొదటి వారం "నీకు పిచ్చి" అంది. రెండో వారం నుంచి అతనితో కలిసి నీళ్లు మోస్తోంది. ఆమె పిల్లిని గీస్తే మేకలా వస్తుంది. ప్రశాంత్ పడీ పడీ నవ్వుతాడు. ఆ నవ్వు కోసమే గీసేది. మంజుల వచ్చాక అతను నవ్వడం తగ్గించి మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అదీ మంజులను.

ఈ వారం వేపచెట్ల కింద పొడవాటి తెల్లగుడ్డ పరిచి, ఒక్కో ఇంటివాళ్లకు ఒక్కో జాగా ఇచ్చారు. మార్కెట్ హమాలీ కాశీరాం భార్యాపిల్లలతో కలిసి వడ్ల బస్తాల బొమ్మ వేస్తున్నాడు. మొదటిసారి వచ్చిన ప్రశాంత్ తల్లి అన్నమ్మ కొడుకు జాగాలో కూర్చుంది. చూస్తుండగానే మంజుల వెళ్లి ఆమె పక్కన కూర్చుని బంతిపూలు వేసింది.

"ఎంత మంచి చెయ్యి బిడ్డా నీది" అంది అన్నమ్మ.

భాగ్య బకెట్ దించిన తీరుకు సగం నీళ్లు ఒలికిపోయాయి.

"మొహం గట్ల పెట్టినవేంది?" అన్నాడు ప్రశాంత్.

"నా మొహం గిట్లనే ఉంటది. పోయి గామెది సూసుకో."

"మంజుల మేడం ఏం చేసింది?"

"పువ్వులు ఏసింది. మీ ఇంట్ల."

అతను నోరు తెరిచేలోపే వాన దంచికొట్టింది. అందరూ గుడ్డను తలా ఒక చోట పట్టుకుని రేకుల షెడ్డు కిందికి పరుగెత్తారు. బంతిపూలు కరిగి చారలైపోయాయి. భాగ్యకు సంతోషం వేసింది. అటు చూస్తే మంజుల తన చున్నీతో అన్నమ్మ తల తుడుస్తోంది. తన సంతోషానికి తనకే సిగ్గేసింది.

మంజుల దగ్గరికి వెళ్లి మెల్లగా అంది: "పొద్దున అబద్ధం చెప్పిన మేడం. నా దిక్కు నుంచైతే ఉంది. గాయన సంగతి నాకు తెల్వదు."

మంజుల తడిసిన చున్నీ అంచు పిండింది.

"అప్పుడే చెప్పుంటే ఈవిడ పక్కన కూర్చునేదాన్ని కాదు కదండీ" అని, కాశీరాం పిల్లల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నా సంగతి నీకు తెల్వదా?" వెనక ప్రశాంత్.

భాగ్య తిరిగి చూడలేదు. "ఎన్నడన్న చెప్పినవా?"

"పక్కనే నల్లా పెట్టుకొని, నీళ్లకు నిన్ను ఆ మూల బోరింగ్ దాక ఎందుకు తీస్కపోతున్ననో లెక్కల టీచరమ్మకు తెల్వలేదా?"

"గది కూడా చెప్పాలె."

"ఇగ చెప్తున్న. నువ్వంటే ఇష్టం."

అన్నమ్మ కొడుకును చూసింది, భాగ్యను చూసింది. తడిగుడ్డ మడిచి పక్కన చోటు చేసింది.

"కూసో బిడ్డా. సాయంత్రం మీ అమ్మ ఇంట్ల ఉంటదా?"

"ఉంటది" అంది భాగ్య, కూర్చుంటూ.