ఉప్పేటి అవతలి గట్టు

ఉదయం ఏడున్నరకు ఓబుళమ్మ ఉప్పేటి నడిమధ్యకు వచ్చేసరికి ఆమె మణికట్టు మీది జాడపూస ఎప్పటిలాగే ఒకసారి వెచ్చబడి చల్లారింది. ఏట్లో నీళ్లు లేవు. గట్టు నుంచి గట్టుకు ఇసుకలో ఎనిమిది నిమిషాల నడక. చేతిలోని గిన్నెలో రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి ఉన్నాయి. అవతల దిన్నెమీదపల్లెలో ఆమె చెల్లెలు సుంకమ్మ కుడి కాలూ చెయ్యీ పడిపోయి మంచంలో ఉంది. సుంకమ్మకు పిల్లలు లేరు. భర్త పోయి ఆరేళ్లయింది.

చెల్లెలికి స్నానం చేయించి, తినిపించి, పదిన్నరకు ఓబుళమ్మ తిరిగి వచ్చేటప్పటికి తన ఊరు బొంతరాళ్లపల్లె గట్టున సర్పంచి చెన్నకేశవులు నిలబడి ఉన్నాడు.

"నీకోసమే చూస్తాండా వదినా. కొంచెం మాట్లాడాల."

"ఇంటికాడికి రాకుండా ఈడ నిలబడినావేమి?"

"ఇంటికాడ మీ పిల్లోనితో చెప్పే ముందు నీతోనే చెప్దామని."

అతను చేతిలోని తెరపలక వెలిగించి చూపించాడు. అందులో ఊరి పటం ఉంది. ఊళ్లోంచి పడమటికి వెదురుకోన వైపు పోయే దారులు సన్నని ఆకుపచ్చ గీతలుగా, తూర్పున ఏరు దాటి ముత్తలూరు నియోజకవర్గం వైపు పోయేవి ఎర్ర గీతలుగా కనిపిస్తున్నాయి. ఎర్రవాటిలో ఒకటి మాత్రం తాడంత లావుగా ఉంది.

"అది నువ్వే," అన్నాడు చెన్నకేశవులు.

వెదురుకోన లోక్‌సభ నియోజకవర్గం పుట్టినప్పుడు దాని హద్దులను ఢిల్లీలో కూర్చున్న సంఘం గీసింది. తర్వాత చాలా దశాబ్దాలు ఆ గీతలు కదలలేదు. ఊళ్లు పెరిగాయి, కొన్ని ఖాళీ అయ్యాయి, ఒక మండలమే జలాశయం కింద మునిగింది. అయినా పటం మారలేదు. వరసగా ఆరు ఎన్నికల్లో ఒకే కుటుంబం లక్షకు తగ్గని ఆధిక్యంతో గెలిచింది. ఆరోసారి అభ్యర్థి ప్రచారానికి కూడా రాలేదు. కదలని హద్దుల మీద విసుగు పుట్టి, వేరే చోట్ల కదిపినప్పుడల్లా కదిపినవాడికే లాభం కలుగుతోందన్న గొడవ ముదిరి, చివరకు నడక సీమాంకన చట్టం వచ్చింది.

మనిషి ఏ ప్రాంతానికి చెందినవాడో అతని రాకపోకలే చెప్పాలన్నది ఆ చట్టం. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతివారి చేతికీ, రాకపోకలు లెక్కపెడుతూ హద్దు దాటినప్పుడల్లా వెచ్చబడే జాడపూస కట్టారు. ఎన్నికకు ముందటి ఏడాదిని లెక్క ఏడు అన్నారు. ఆ ఏడాదిలో ఊరివాళ్లు ఎటు ఎక్కువ పోతే ఊరు ఆ నియోజకవర్గంలో కలుస్తుంది. సంతకు పోతే ఒక పాలు, ఆసుపత్రికి మూడు, చుట్టాలను చూడబోతే ఐదు, రోగికి సేవ చేస్తే తొమ్మిది. ఈ కూడికలన్నీ చేసే సీమాగణకం ఎవరి మాటా వినదు. ఓడినవాళ్లు కూడా దాని నిజాయితీని శంకించలేదు. కిందటిసారి వెదురుకోనలో గెలిచిన సభ్యురాలి ఆధిక్యం రెండు వందల పదకొండు ఓట్లు. ఆమె ఊరూరా తిరిగింది, కొండ మీది జలాశయం నుంచి గొట్టపు కాలువ తెచ్చింది. అది తన నియోజకవర్గంలోని ఊళ్లకే.

కాలువ పక్క ఊరి దాకా వచ్చి ఆగింది. బొంతరాళ్లపల్లె ఎటు పోతుందో తేలకుండా ముందుకు తవ్వరు. ఊళ్లో చీనీ బత్తాయి తోటలు ఆకు రాలుస్తున్నాయి. ఓబుళమ్మ కొడుకు తిప్పేస్వామి తోట నాలుగెకరాలు.

"మనూరు నూటికి యాభైన్నర వెదురుకోన దిక్కు ఉండాది వదినా. ఆ అరే మనకు నీళ్లు. దినామూ రెండు పూటలా నువ్వు దాటితే నెల తిరిగేలోపల అది కూడా పోతాది."

"పూస తీసి ఇంట్లో పెట్టి పోతా."

"ఒక్క గంట తీసినా నీ ఓటు ఆపేస్తారు, ఊరు మోసం చేసిందని రాసుకుంటారు. అడిగి తెలుసుకున్నాలే."

"మరి దానికి కూడు ఎవరు పెడతారు?"

చెన్నకేశవులు చేతులు జోడించాడు. అతను చెడ్డవాడు కాదు. అప్పటికే తన కూతురిని అవతలి గట్టు అత్తగారింటి నుంచి పండక్కి కూడా పిలవడం మానుకున్నాడు. కూతురు వచ్చిపోతే అల్లుడింటివాళ్లను తిరిగి చూడబోవాలి కదా అని.

దారి చూపింది తిప్పేస్వామి. రెండు రోజులు చట్టం చదివి, మూడో రోజు తల్లి దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు పిన్నమ్మ ఇంటికే నివాసం మార్చుకుంటే? ఒకతూరి దాటితే ఒకటే లెక్క. ఆమీట నువ్వు ఆ ఊరిదానివి. ఈ పక్కకు రాకుంటే చాలు."

"ఎన్నాళ్లు?"

"లెక్క ఏడు అయిపోయేదాకా. పది నెలలు. పిన్నమ్మకూ తోడుంటాది."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఓబుళమ్మ నాలుగు చీరలూ కంటిమందూ సర్దుకుంది. కొడుకు ఏటి నడిమధ్య దాకా మూట మోసుకొచ్చి, రెండడుగుల ముందే ఆగి ఆమె చేతికిచ్చాడు.

"ఇల్లు వదిలి వచ్చినావా నాకోసం?" అంది సుంకమ్మ, మాట కొంచెం ముద్దగా.

"ఏడాదికే లే. లెక్క అయిపోతూనే పోతా."

"నేను ముందే పోతే నీకు ఆ కష్టం కూడా ఉండదు."

"నోరు మూసుకొని తిను," అంది ఓబుళమ్మ.

ఇద్దరూ చిన్నప్పటి తర్వాత ఒకే ఇంట్లో అన్ని నెలలు ఉండటం అదే మొదలు. సుంకమ్మ ఎడమచేత్తో ముద్ద ఎత్తడం నేర్చుకుంది. సాయంత్రాలు మంచం వాకిట్లోకి లాగించుకుని, ఏటి అవతల ఎవరి ఇంట్లో దీపం ముందు వెలిగిందో చెప్పమనేది. ఓబుళమ్మ కళ్లు చికిలించి చూసి చెప్పేది.

లెక్క ఏడు పదో నెలలో ముసాయిదా పటం వచ్చింది. బొంతరాళ్లపల్లె నూటికి యాభై ఏడు పాళ్లతో వెదురుకోనలో నిలిచింది. పటం కింద, ఏటికి రెండు గట్ల మీది ఊళ్ల గురించి సీమాగణకం ఒక వాక్యం రాసింది: 'ఈ గ్రామాల మధ్య చెప్పుకోదగ్గ సంబంధం లేదు.' వారం తిరగకముందే నీళ్లు వచ్చాయి. తోటల్లో చిగురు కనిపించింది. తుది లెక్కకు ఇంకా రెండు నెలలకు పైగా ఉంది, అందులో ఊరు జారితే నీళ్లూ ఆగిపోతాయి కాబట్టి ఎవరూ ఏరు దాటవద్దని చెన్నకేశవులు మళ్లీ చాటింపు వేయించాడు.

మరుసటి నెలలో, ఒక మధ్యాహ్నం, సుంకమ్మ నిద్రలోనే పోయింది.

కబురు వెళ్లిన గంటలో బొంతరాళ్లపల్లె కదిలింది. సుంకమ్మ పుట్టిన ఊరు అది. సగం ఊరు ఆమెకు చుట్టాలే. దిన్నెమీదపల్లె శ్మశానం గట్టును ఆనుకుని ఉంటుంది. గుంత దగ్గర నిలబడిన ఓబుళమ్మకు ఏట్లో జనం కనిపించారు. రెండు వందల మంది దాకా ఉంటారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. చెన్నకేశవులు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అందరూ ఏటి నడిమధ్య వరసగా, గీత గీసి నిలబెట్టినట్టు నిలబడ్డారు. ఎవరి పూసా వెచ్చబడలేదు. పూడ్చడం అయ్యేదాకా ఉండి, వచ్చిన దారిన వెళ్లిపోయారు.

ఆ వరసలో తిప్పేస్వామి కూడా ఉన్నాడు. అతను పుట్టినప్పుడు ఓబుళమ్మ ఏడాదిన్నర మంచాన పడింది. అన్నాళ్లూ వాణ్ణి పెంచింది సుంకమ్మే. పిన్నమ్మను మొదట అమ్మా అని పిలిచాడు.

మూడో రోజు ఉదయం అతను ఒక్కడే వచ్చి ఏటి మధ్య నిలబడి తల్లికి ఫోన్ చేశాడు. ఓబుళమ్మ నడిచి వెళ్లింది. ఇద్దరి మధ్య నాలుగడుగుల ఇసుక.

"చిక్కిపోయినావమ్మా."

"నీళ్లు బాగా వస్తాండాయా?"

"వస్తాండాయి. చెట్లన్నీ లేచినాయి. నువ్వు చూడాల." అతను అవతలి గట్టు వైపు చూసి అన్నాడు, "ఇంక ఈడ ఎవరుండారు నీకు? ఇంటికి రామ్మా. అడిగి చూసినా, తిరిగొచ్చేది కూడా ఒకటే లెక్క. ఏం కాదంట."

ఓబుళమ్మ కొడుకు ముఖం చూసింది. ఎండకు నల్లబడ్డాడు, కానీ కిందటేడు ఉన్న దిగులు లేదు. అది చూసి ఆమెకు సంతోషమే కలిగింది.

"పదకొండో దినం శుక్రవారం వస్తాది. దానికి కొడుకులు లేరు," అంది. "నువ్వొచ్చి నీళ్లు వదుల్తావా?"

తిప్పేస్వామి తల వంచుకున్నాడు. అతని బొటనవేలు వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా కదలడం ఆమె చూసింది. చుట్టాలింటికి ఐదు పాళ్లు. పోవడమొకటి, రావడమొకటి. తను పోతే ఇంకెంతమంది బయలుదేరుతారో. మిగిలింది యాభై రెండు రోజులు.

ఓబుళమ్మ ఆ లెక్క తేలేదాకా నిలబడలేదు. వెనక్కి తిరిగి దిన్నెమీదపల్లె గట్టు వైపు నడిచింది.