బనియన్ వేసుకోని మాస్టారు

"మాస్టారూ, మీకు ఒరుసుకోదా?"

వెనక వరసలోంచి వచ్చిన ఆ ప్రశ్నకి ముప్ఫై తలలు ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. బోర్డు మీద రాస్తున్న గ్రేడీ టకెట్ చెయ్యి ఆగింది.

టెక్సస్‌లోని పెకాన్ బెండ్ ఊళ్ళో చొక్కా కింద పిస్టల్ దాచుకుని తిరగాలనుకునేవాళ్ళు ముందుగా వచ్చి కూర్చునేది గ్రేడీ క్లాసులోనే. వయసు ఇరవై తొమ్మిది. గురి తప్పడని పేరు. నోరు మూసుకోడని ఇంకో పేరు.

"ఏది ఒరుసుకోదా అంటున్నారు?"

"పిస్టలండీ. ప్యాంటు లోపల, కుడి నడుముకి ఆనించి పెట్టుకోమన్నారుగా. బయట నూట నాలుగు ఫారెన్‌హీట్ ఎండ. ఇనుమూ, తోలు ఒరా, చెమటా కలిస్తే నడుము మీద చర్మం మిగులుతుందా? లోపల ఒక బనియన్ వేసుకోండని ఒక్క మాట చెప్పరేం?"

గ్రేడీ నవ్వాడు. ఆ నవ్వే అతని కొంప ముంచింది.

"బనియన్లు మా తాతగారు వేసుకునేవారండీ! ఏడేళ్ళుగా మోస్తున్నాను. నా ఒంటిమీద ఒక్క గీత పడలేదు. అలవాటున్నవాడికి ఒరుసుకోదు. మరీ అంత సుఖం కావాలనుకుంటే ఇంట్లో సోఫా ఉంటుంది, అందులో కూర్చోండి."

క్లాసంతా గొల్లుమంది. ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. నోట్సు పుస్తకం మూసి, గోధుమరంగు జడని వెనక్కి విసిరి, అతని వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకి గ్రేడీ తరవాత చెప్పాల్సిన పాఠం మర్చిపోయాడు.

అమ్మాయి పేరు రోనెల్ మేబ్రీ. మెయిన్ రోడ్డు మీద వాళ్ళ మామ్మ ఓపల్‌తో కలిసి కుట్టుపని కొట్టు నడుపుతోంది. తుపాకి పెట్టుకునేవాళ్ళ కోసమే ప్రత్యేకంగా పొడుగాటి బనియన్లు కుడుతుంది. పక్కన కుట్టు ఉండదు, వంగినా పైకి జరగవు. ఊళ్ళో సగంమంది ఒంటిమీద ఆమె బనియన్లే ఉన్నాయి. ఉన్నాయని ఒప్పుకునేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

అసలు సంగతేమిటంటే, గ్రేడీ చెప్పింది పచ్చి అబద్ధం. ప్రతి ఎండాకాలం అతని కుడి నడుము మాడిన అట్టులా తయారయ్యేది. ఆ రాత్రి కూడా అద్దం ముందు నిలబడి, ఎర్రగా కందిపోయిన నడుము మీద మందు రాసుకుంటూ, "ఒక్క గీత పడలేదట!" అని తనని తానే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే ఆ గోధుమరంగు జడ గురించి ఆలోచించాడు.

* * *

ఆదివారం చర్చి ముందు మళ్ళీ కనపడింది రోనెల్. తగాదా క్లాసులోనే వదిలేశానన్నట్టు నవ్వుతూ, చేతులు చాపి ఎదురొచ్చింది. ఆ ఊళ్ళో పలకరింపంటే కౌగిలింతే. పోస్టుమాన్ని కూడా వాటేసుకుంటారు.

తుపాకి ఉన్నవాడు కుడివైపు ఎవరినీ రానివ్వకూడదు, ఎడమ భుజం అందించి పక్కనుంచి పొదువుకోవాలి. గ్రేడీ పాఠాల్లో అది మూడోది. అలవాటు ప్రకారం ఎడమ భుజం ముందుకి తిప్పాడు. సరిగ్గా అదే క్షణంలో రోనెల్ కూడా తిరిగింది. అతను ఇంకాస్త జరిగాడు. ఆమె కూడా జరిగింది. పందెంలో దించిన కోడిపుంజుల్లా చర్చి మెట్ల ముందు ఇద్దరూ ఒక పూర్తి చుట్టు తిరిగి, చివరికి మోచేతులు తాకించుకుని విడిపోయారు.

'నన్ను ముట్టుకోవడం ఇష్టం లేదు కాబోలు' అనుకున్నాడు గ్రేడీ.

రోనెల్ కూడా అదే అనుకుందని అతనికి తెలియదు.

మరుసటి ఆదివారం చర్చి భోజనాల దగ్గర అంతకంటే ఘోరం జరిగింది. చేతిలో పెకాన్ పప్పుల తీపి 'పై' ఉన్న పళ్ళెంతో వెళ్తున్న రోనెల్, "కాస్త జరగండి మాస్టారూ" అంటూ దారికోసం అతని నడుము మీద చెయ్యి వేసింది. సరిగ్గా కందినచోటే.

"హబ్బా!" అని గ్రేడీ అడుగు ఎత్తున ఎగిరాడు. చేతిలో నిమ్మరసం పాస్టరుగారి బూట్ల మీద పడింది.

రోనెల్ ముఖం పాలిపోయింది. "నా చెయ్యి తగిలితే అంత కంపరమా మీకు?"

"కాదండీ... అది..."

"మరేమిటి?"

చెప్పడానికి నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. క్లాసులో నవ్విన ముప్ఫైమందిలో పదిమంది అక్కడే పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉన్నారు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"అర్థమైంది లెండి," అని ఆమె వెళ్ళిపోయింది.

* * *

శుక్రవారం మధ్యాహ్నం మంగలికొట్లో కుర్చీలో కూర్చున్న గ్రేడీ చెవిన పడింది ఆ వార్త. ట్రాక్టర్లు అమ్మే కోల్బీ రైన్స్, రేపటి జిల్లా జాతరకి తనతో రమ్మని రోనెల్‌ని అడిగాడట. సాయంత్రం అయిదింటికి ఫోన్ చేస్తాననీ, ఏ మాటైనా అప్పుడు చెప్పమనీ అన్నాడట.

పెకాన్ బెండ్‌లో ఒక అమ్మాయి ఒకడి ట్రక్కులో జాతరకి వెళ్ళిందంటే సగం నిశ్చితార్థం అయినట్టే. మిగతా సగం ఊరే చేసేస్తుంది.

గ్రేడీ సగం కత్తిరించిన జుట్టుతోనే లేచాడు. టైము మూడూ నలభై.

అతని బుర్రలో పథకం సిద్ధంగా ఉంది. ముందు ఆ దిక్కుమాలిన బనియన్ సంపాదించాలి. అది వేసుకుంటే ఆమె ముట్టుకున్నా ఎగరడు. అయిదులోపు ఆమెని కలిసి, గట్టిగా వాటేసుకుని, మనసులో మాట చెప్పాలి. బనియన్ సంగతి మాత్రం చచ్చినా చెప్పకూడదు. నాలుగున్నరకి రోనెల్ పార్సిళ్ళు వేయడానికి పోస్టాఫీసుకి వెళ్తుందని అతనికి తెలుసు. రెండు వారాలుగా ఆ కొట్టు ముందు ఊరికే తిరగలేదు మరి.

నాలుగూ ముప్ఫై అయిదుకి కొట్లో అడుగుపెట్టాడు. కౌంటర్ వెనక డెబ్బై ఎనిమిదేళ్ళ ఓపల్ మామ్మ చల్లటి టీ తాగుతోంది.

"మామ్మగారూ, ఒక బనియన్ కావాలండీ. నాకు కాదు, నా స్నేహితుడికి."

"అలాగా. ఎంత పొడుగుంటాడు నాయనా నీ స్నేహితుడు?"

"ఇంచుమించు నా అంత."

"ఛాతీ?"

"అదీ నా అంతే."

"జుట్టు సగమే కత్తిరించుకున్నాడా?"

గ్రేడీ తల తడుముకున్నాడు.

"ఎటువైపు ఒరుసుకుపోయింది వాడికి?"

"కుడి... నాకెలా తెలుస్తుందండీ!"

మామ్మ గ్లాసు కింద పెట్టింది. "చొక్కా ఎత్తు."

"మామ్మగారూ!"

"ముగ్గురు మగపిల్లల్ని పెంచాను. నాకు సిగ్గులు చూపించకు. ఎత్తు!"

ఎత్తాడు. మామ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, ఈల వేసింది.

"ఒక్క గీత పడలేదన్నావట. ఇది గీత కాదులే నాయనా, జిల్లా మ్యాపు." అరలోంచి బూడిదరంగు బనియన్ తీసి చేతిలో పెట్టింది. "ఒంటికి అతుక్కుని ఉండాలి. వదులుగా ఉంటే ముడతలు పడి ఇంకా కోస్తుంది. ఆ ట్రయల్ రూములోకి పో. పిస్టల్ ఒరతో సహా తీసి స్టూలు మీద పెట్టు, తరవాత తొడుక్కో. చెమట తుడుచుకో ముందు!"

గ్రేడీ తెర వేసుకున్నాడు. పిస్టల్ స్టూలు మీద పెట్టాడు. చొక్కా విప్పాడు. టైము చూసుకున్నాడు. చెమట తుడుచుకోవడం ఒక్కటే మర్చిపోయాడు.

బనియన్ తలమీదనుంచి లాగాడు. చేతులు దూరాయి, తల సగం దూరింది. అంతే! తడి ఒంటికి గుడ్డ అతుక్కుని, భుజాల దగ్గర బిగుసుకుపోయింది. పైకి రాదు, కిందికి దిగదు. రెండు చేతులూ ఆకాశానికెత్తి, ముఖం గుడ్డలో చుట్టుకుని, వాన కోసం ప్రార్థన చేసేవాడిలా నిలబడిపోయాడు గ్రేడీ.

అప్పుడే కొట్టు తలుపు గంట మోగింది.

"పోస్టాఫీసులో ఎవరూ లేరు మామ్మా, తొందరగా అయిపోయింది." రోనెల్ గొంతు!

గ్రేడీ ఊపిరి బిగబట్టాడు.

"కూర్చో తల్లీ," అంది మామ్మ తాపీగా. ట్రయల్ రూము మాట మాత్రం ఎత్తలేదు. "కోల్బీకి ఏం చెప్పబోతున్నావు?"

"వస్తానని చెప్తాను."

"నచ్చాడా?"

"మంచివాడు."

"నేనడిగింది అది కాదు. మరి ఆ తుపాకి మాస్టారు?"

గ్రేడీకి తన గుండె చప్పుడు బనియన్ లోపల డప్పులా వినపడింది.

"అతని పేరెత్తకు మామ్మా. క్లాసులో అంతమందిలో నన్ను నవ్వులపాలు చేశాడా, అయినా సరే, ఆ వెధవ మొహం మనసులోంచి పోలేదు. చర్చి దగ్గర సిగ్గు విడిచి నేనే ఎదురెళ్ళాను. చెయ్యి తగిలితే తేలు కుట్టినట్టు ఎగిరాడు. నేనంటే అంత అసహ్యం ఉన్నవాడి కోసం ఎన్నాళ్ళు ఏడవను?"

"అసహ్యం కాదు!" అని అరిచాడు గ్రేడీ. బనియన్‌లోంచి అది "అఫమ్ఫమ్ కామ్ఫూ!" అని బయటికొచ్చింది. తడబడి గోడకి గుద్దుకున్నాడు. హ్యాంగర్లన్నీ గలగలా రాలాయి.

"ఎవరది?" రోనెల్ గొంతు మారిపోయింది. "లోపల ఎవరున్నారు? చేతులు పైకెత్తి బయటికి రా! నా చేతిలో పిస్టల్ ఉంది!"

గ్రేడీ గడ్డంతో గుడ్డని కిందికి నెట్టి నోరు మాత్రం బయటపెట్టాడు. "చేతులు ఎప్పుడో ఎత్తేశానండీ! దింపుదామన్నా దిగడం లేదు!"

తెర తగిలించుకుని, చేతులు పైకెత్తి, కళ్ళు కనపడక, మూడడుగులు బయటికి వేశాడు.

"వేలు ట్రిగ్గర్ మీద పెట్టకండి! గొట్టం నేలవైపు ఉంచండి!"

"నేలవైపే ఉంది, వేలు పక్కనే ఉంది! మీరే నేర్పారుగా..." రోనెల్ ఆగిపోయింది. "మాస్టారూ?"

"నేనేనండీ."

మామ్మ టీ గుటక వేసిన చప్పుడు వినపడింది.

"ఇక్కడేం చేస్తున్నారు?"

ఇదే ఆఖరి అవకాశం. ముఖం కనపడకపోవడం ఒకందుకు మంచిదే అయింది. అలాంటి మాటలు కళ్ళలోకి చూస్తూ చెప్పే ధైర్యం గ్రేడీకి ఎలాగూ లేదు.

"బనియన్ కోసం వచ్చాను. నాకే. ఏడేళ్ళుగా ఒరుసుకుంటూనే ఉంది. ప్రతి ఎండాకాలం ఏడుస్తూనే ఉన్నాను. మీరు అడిగిన ప్రశ్న నిజం. నేను చెప్పిన జవాబు అబద్ధం. ఆ రోజు మీ చెయ్యి పడింది సరిగ్గా పుండు మీద. ఇంకెక్కడ పడి ఉన్నా, అలా ఉంచేయండి అనేవాణ్ణి."

దగ్గరికొచ్చిన అడుగుల చప్పుడు వినపడింది. అతని కుడి నడుము చూసి ఉంటుంది. "అయ్యయ్యో" అంది చాలా మెల్లగా.

"మీకూ నేనంటే కంపరమనే అనుకున్నాను," అన్నాడు గ్రేడీ గుడ్డలోంచి. "చర్చి దగ్గర మీరూ తప్పుకున్నారుగా."

"తప్పుకోక? నా కుడి నడుం దగ్గరా పిస్టల్ ఉంటుంది!"

"మీ దగ్గరా? నాకెప్పుడూ కనపడలేదే! పాఠం చెప్పేవాణ్ణి, నా కళ్ళకే..."

"మీలాగ నిమిషానికోసారి సర్దుకుంటే కనపడేది. నాకు ఆ అవసరం లేదు. ఎందుకో మీరే చెప్పండి."

గ్రేడీ గొణిగాడు. "బనియన్."

"గట్టిగా!"

"బనియన్ వేసుకుంటారు కాబట్టి!"

"కత్తెర తేనా?" అంది మామ్మ.

"వద్దు మామ్మా, నా కుట్టు అది. నాలుగు గంటల పని." రోనెల్ తన పిస్టల్ కౌంటర్ సొరుగులో పెట్టి వచ్చింది. "నువ్వు ఆ చెయ్యి పట్టుకో. నేను ఈ పక్క లాగుతాను. మాస్టారూ, ఊపిరి వదిలేయండి. ఒకటి, రెండు..."

సీసా మూత ఊడినట్టు గ్రేడీ బయటపడ్డాడు. పడ్డవాడు ఆగలేక ముందుకి తూలి, రోనెల్ భుజాల మీద వాలాడు. ఆమె పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఎడమా లేదు, కుడీ లేదు. తేరుకున్నాక కూడా ఇద్దరిలో ఎవరూ జరగలేదు.

"ఇప్పుడు తప్పుకోవచ్చు," అంది రోనెల్.

"మీరు ముందు," అన్నాడు గ్రేడీ.

మామ్మ దగ్గింది. "కొట్టుకి అద్దాల తలుపులున్నాయి నాయనా. నీ ఒంటిమీద చొక్కా లేదు."

మామ్మ అతన్ని కుర్చీలో కూలేసి, కౌంటర్ కింద నుంచి పసుప్పచ్చటి సీసా తీసింది. పూర్వం గుర్రాల జీను పుళ్ళకి వాడిన మందట అది. గ్రేడీ గోడ గడియారం వంక చూశాడు. సరిగ్గా అయిదు.

ఫోన్ మోగింది.

రోనెల్ ఫోన్ తీసి, ఒక్క క్షణం గ్రేడీ వంక చూసింది. సగం జుట్టు, కందిన నడుము, చెమట ముఖం, భయం నిండిన కళ్ళు. కోల్బీకి మూడు ట్రాక్టరు షాపులున్నాయి, చక్కటి నవ్వుంది, తల నిండా జుట్టుంది.

"హలో కోల్బీ. ఆ, ఆలోచించుకున్నాను... నువ్వు మంచివాడివి. అందుకే తిప్పించుకోకుండా చెప్తున్నాను. రేపు నీతో రాలేను... లేదు, నీలో తప్పేం లేదు... ఎవరితోనా?"

అప్పుడే మామ్మ దూదిని మందులో ముంచి, గ్రేడీ నడుముకి అద్దింది.

గ్రేడీ అరిచిన అరుపుకి వీధిలో పోతున్న కుక్క ఆగి చూసింది.

"విన్నావుగా," అంది రోనెల్ ఫోన్లో, నవ్వు ఆపుకోలేక. "అదిగో, అతనితోనే."

"ఇంకో రెండుసార్లు రాయాలి, కదలకు," అంది మామ్మ గ్రేడీ చెవి పట్టుకుని. "ఈ ఇంటి అల్లుడు కావలసినవాడివి. ఈ మాత్రం మంటకే అరిస్తే మా పిల్లతో ఎలా వేగుతావురా?"